మొదటి చెరకు ముక్క

గంగవ్వకు ముందు పళ్లు నాలుగు లేవు. పదేళ్ల వయసులో, వెట్టిలో ఉన్నప్పుడు, దొర చేనులో ఒక్క చెరకు గడ విరిచి నమిలింది. దొర చెప్పుకాలితో మూతి మీద తన్నాడు. పళ్లు అక్కడే రాలాయి.

తర్వాత వెట్టి పోయింది. అప్పటి నుంచి ఏటా ఆ రోజు గుర్తుగా జరిపే విడుదల పండుగనాడు గంగవ్వ ఉండే వాడంతా చర్చిలో ప్రార్థన ముగించుకుని, డప్పులతో దొర కోటలాంటి గడి ముందుకు పోతుంది. అక్కడ నిలబడి చెరకు నమిలి, పిప్పి ఆ వాకిట్లోనే ఉమ్ముతుంది. మొదటి ముక్క గంగవ్వది. కొరకలేని ఆమె బదులు మనవరాలు ప్రిస్కిల్లా నమలాలి. అందాకా ఎవరూ నోట పెట్టరు.

ఈసారి గేటు ముందు దొర మనవడు భానుప్రసాద్, మరో పదిమంది కర్రలతో కాచుకుని ఉన్నారు.

"పండుగ మీ చర్చిల చేస్కోండ్రి. నా వాకిలేమన్న మీ ఉమ్మితొట్టా?"

పాస్టర్ ఏసుదానం ప్రిస్కిల్లా భుజం పట్టుకున్నాడు. "వాపస్ పోదాం బిడ్డా. ఒక్క ఏడు ఆగితే ఏమైతది?"

"ఒక్క ఏడు ఆగితే ఇగ ఎన్నటికీ ఆగినట్టే అయ్యగారూ."

గంగవ్వ ముందుకొచ్చి నోరు తెరిచి చూపించింది. "సూడు దొరా, మీ తాత పనితనం. పైస తీస్కోకుండ పీకిండు!"

వాడంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుకే భానుప్రసాద్‌కు ఒళ్లు మండింది. మొదటి దెబ్బకు ముందు నిలబడ్డ రాజారాం డప్పు పగిలింది, రెండో దెబ్బకు అతని మోచెయ్యి విరిగింది. మూడోది ప్రిస్కిల్లా మూతి మీద పడింది.

దెబ్బలు తిని పోదామని ఎవరూ రాలేదు. ప్రతి చేతిలో నిలువెత్తు గడ ఉంది. గడలు లేచాయి. కర్రలవాళ్లలో ఒకడి తల పగిలింది, ఇద్దరు గోడ దూకారు. ప్రిస్కిల్లా గడ తిప్పి భానుప్రసాద్ మోకాలి మీద కొట్టింది. కూలబడ్డాడు. నడుముకు దోపుకున్న చెరకు నరికే కత్తి తీసి అతని మెడకు ఆనించింది.

"ఇడిశిపెట్టు!" గంగవ్వ అరిచింది. "వాని మెడ ఏడికి పోతది? ముందు చెరుకు నములు!"

ప్రిస్కిల్లా రొప్పుతూ కత్తి తీసింది. అదే కత్తితో గడ చెక్కి ముక్క కొరికింది. ప్రాణం పోయినంత పనైంది. రసం, నెత్తురు కలిసి గొంతులో దిగాయి. నమిలింది. గేటు మీద ఉమ్మింది. పిప్పితో పాటు పన్ను కూడా రాలింది.

అప్పుడు వాడంతా గడలు కొరికింది. ఆ పటపటలు గడి గోడల లోపలిదాకా వినబడ్డాయి.