లేత్ మిషనుకు ఎదురు

పొద్దుటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. చాయ్ పెట్టి మరిచిపోయాను. మాడిన గిన్నె దించి మళ్లీ పెట్టాను. మా ఆయన లేత్ మిషను ఇంటికి వస్తోంది. రోడ్డు వెడల్పులో శంషాబాద్‌లోని మా వర్క్‌షాపు పోతోంది. ఆయన పోయాక దాని మీద పనిచేస్తున్నది మా బిడ్డ పూర్ణిమ. ఇకమీదట పాల్మాకులలోని మా ఇంటి కారు షెడ్డే తన దుకాణం. ఆ షెడ్డు ఎన్నడూ కారు మొహం చూడలేదు.

లారీ రాగానే మా మరిది కుర్మయ్య గడప దగ్గర నిలబడి, నేల చూస్తూ చెప్పాడు.

"ఏమనుకోకు వదినా. మిషను లోపలికొచ్చేదాకా ఎదురు రాకు. జర కిటికీ కాడ్నే కూసో."

మొగుడు పోయిన దానికి ఇది కొత్త మాట కాదు. కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను.

మిషనును ఎడమ గోడకు పెట్టాలని ముందే అనుకున్నాం. మా ఆయనతో కలిసి పనిచేసిన సఖావత్ భాయ్ దాన్ని క్రేనుతో గేటు దగ్గర దింపించి, ఇనుప పైపుల మీద దొర్లిస్తున్నాడు. మనుషులు వెనక నుంచి గడపారలతో తోస్తున్నారు. వెనక మిగిలిన పైపును పూర్ణిమ తెచ్చి ముందు పెడుతోంది.

అంతలో పైపులు కుడివైపుకు తిరిగాయి. కరెంటు బోర్డు అటే ఉంది కదా అని ఎవరో అన్నారు.

ఆ నేల కింద నీళ్ల సంపు ఉంది. మూత గేటు పక్కన కనపడుతుంది కాబట్టి సంపు అక్కడికే అనుకుంటారు అందరూ. అది షెడ్డు సగం దాకా వచ్చింది. అది తవ్వినప్పుడు పూర్ణిమ నా చంకలో ఉన్న పిల్ల, మట్టి తట్టలు మోసింది నేను. మా స్కూటరు బరువుకు చాలులే అని పైన స్లాబు పలచగా పోశారు. ఈ మిషను టన్నున్నర ఇనుము.

కిటికీలోంచి అరిచాను. సరిగ్గా అప్పుడే ఒక విమానం ఇంటి మీదుగా దిగింది. ఎవరూ తల తిప్పలేదు. పూర్ణిమ వంగి తర్వాతి పైపు సర్దుతోంది, సంపు మీదే.

ముగ్గు డబ్బా అందుకుని పరుగెత్తాను. మిషనుకు నేరుగా ఎదురెళ్లి బిడ్డ రెక్క పట్టి లాగాను. కుర్మయ్య మొహం మాడిపోయింది.

"వద్దన్న గదా వదినా. మిషను ఇంకా లోపలికే రాలే, గిట్ల చేస్తివేంది?"

"కింద సంపున్నది. నా బిడ్డ దాని మీదనే నిలబడ్డది."

సఖావత్ భాయ్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. గడపారతో నేల మీద కొడితే డొల్లగా మోగింది. ఎక్కడిదాకా ఉందని అడిగాడు. నేను వంగి ముగ్గుపిండితో అంచు గీశాను. మిషను ఆ గీతకు జానెడు దూరంలో ఆగి ఉంది.

చైను వేసి వెనక్కి లాగారు. కొంచెం లాగడం, చెక్క అడ్డం పెట్టడం, ఎడమకు తిప్పడం. ఎదురుగా ఉండి గీత చూస్తూ చెప్పే మనిషి కావాలి. కుర్మయ్య నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. చైను బిగించి పట్టుకుని నా వైపు చూశాడు.

"ఇగ రావాల్నా వదినా?"

"రానియ్యి," అన్నాను.

లేత్ గోడకు ఆనేదాకా దానికి ఎదురుగానే నిలబడ్డాను.