బొటనవేలంత ఎడం

ముక్కు విరిగినప్పుడు పెద్ద చప్పుడేమీ రాదు. పచ్చి కొమ్మ విరిచినట్టు ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడు వింటున్నాను. రెండుసార్లు నా ముఖంలోనే విన్నాను. అయినా ఆ ఉదయం హాల్లో అది వినబడ్డప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో ఒక క్షణం అర్థం కాలేదు. అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు. గుద్దులు ఆపుతున్నారు.

మా బాక్సింగ్ హాల్లో ఒక పద్ధతి ఉంది. ఇంకే కోచ్ చేయించగా నేను చూడలేదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు చేతులు వెనక్కి కట్టుకుంటారు. రెండోవారు గ్లవ్స్ లేకుండా, పట్టీ చుట్టిన పిడికిలితో, ఉన్న బలమంతా పెట్టి ముఖం మీదికి గుద్దు విసరాలి. ముక్కుకి బొటనవేలి మందమంత ఎడంలో ఆపాలి. నిలబడ్డవాళ్లు రెప్ప వేయకూడదు. ఒకరికి చేతి మీద అదుపు, ఒకరికి భయం మీద అదుపు. పిల్లలు దీన్ని ‘ఆపుడు’ అంటారు. ఇరవై రెండేళ్ల వయసులో, చేతులు దించేసిన ఒక మనిషిని నేను ఇంకో మూడు గుద్దులు గుద్దాను. అతనికి ఎడమ చెవి మళ్లీ వినపడలేదు. ఈ పద్ధతి అక్కడినుంచి పుట్టింది. పిల్లలకి ఆ సంగతి చెప్పలేదు.

పైకప్పు దూలం కూలి హాలు పదకొండు నెలలు మూతపడింది. తెరిచిన మొదటి రోజు, ఒళ్లు వేడెక్కగానే, మొట్టమొదట ఆపుడే చేయించాను. వదిలిన చోటినుంచే అందుకోవాలని నాకు ఆత్రం.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఎప్పట్లాగే జంటగా నిలబడ్డారు. పెద్దదానికి పదిహేడు, చిన్నదానికి పదిహేను. చిన్నదాన్ని అందరూ బుడ్డి అంటారు. హాలు మూసేనాటికి అది అక్క చెవిదాకా వచ్చేది. ఇప్పుడు అక్క నడినెత్తి దాని కనుబొమల దగ్గర ఆగుతోంది. నేను చూడకపోలేదు. “ఏమే, నిచ్చెన మింగావా?” అన్నాను కూడా. అందరూ నవ్వారు. నేనూ నవ్వి విజిల్ ఊదాను.

పెద్దది మోకాళ్ల మీద కూలబడింది. పెదవి మీదినుంచి గడ్డానికి, గడ్డం నుంచి చాపకి రక్తం తాడులా దిగుతోంది.

“కావాలని కొట్టింది” అంది.

“లేదక్కా. ఎప్పుడూ ఆపే చోటే ఆపాను.”

“ఆపితే ఇదేంటే, చెమటా?” అని ఎర్రటి అరచేయి చూపించింది. ఆ చేత్తోనే చెల్లెలి జుట్టు పట్టి కిందికి లాగింది. మోకాలితో కడుపులో రెండుసార్లు పొడిచింది. బుడ్డి చేయెత్తలేదు. విడదీయబోతే పెద్దదాని మోచేయి నా దవడకి తగిలింది. చేతులు చాచి నిలబడిన బుడ్డి తన కుడి పిడికిలివంక, వేరొకరి వస్తువు పొరపాటున చేతికొచ్చినట్టు, చూసుకుంటోంది.

క్లినిక్‌కి తల్లి వచ్చింది. ఆవిడ బస్సు కండక్టరు. టికెట్ల మెషిన్ మెడలోంచి తీయకుండానే వచ్చింది.

“మాస్టారూ, నేను మీ దగ్గరికి రెండు ముక్కులు పంపాను. ఒకటిన్నర తిరిగొచ్చింది.”

“తప్పు నాదేనమ్మా.”

“మీదో దానిదో నాకొద్దు. ఇంకొక్క చుక్క రక్తం కళ్లబడిందా, ఇద్దరినీ మాన్పించేస్తాను. కుట్టుపనిలో పెడతాను. సూదైతే గుచ్చుకున్నా పట్టీ చాలు.”

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి.

ఆ తర్వాత మిగతా పిల్లల్ని నిలబెట్టి టేపుతో చేతులు కొలిచాను. ఒక్కరిది కూడా పాత కొలత లేదు. ఒళ్లు పెరిగింది, మనసులో ఉన్న ఒళ్లు పెరగలేదు. మనం కదిపేది ఆ రెండోదాన్నే. తిరిగొచ్చిన పిల్లలతో మొదటి వారమంతా తెరిచిన అరచేతితో గోడ తాకించాలి, గోడ ఎంత దూరంలో ఉందో చేతికి మళ్లీ తెలిసేదాకా. ఒక ముక్కు విరిగాక నాకు గుర్తొచ్చింది. వారం రోజులు గోడ తాకించాను. బుడ్డి మాత్రం రాలేదు.

పన్నెండో రోజు పెద్దది ముక్కుకి ప్లాస్టరుతో వచ్చింది.

“అది కుడిచేయి పిరుదు కింద పెట్టుకుని కూర్చుంటోంది మాస్టారూ. ఎవరైనా పక్కనుంచి వెళ్తే గోడకి అతుక్కుపోతోంది.”

“కావాలనే కొట్టిందని ఇంకా అనుకుంటున్నావా?”

“దానికే తెలీదంట. అదే నాకు మంట. కావాలనే కొట్టానని ఒప్పుకుంటే నాలుగు తగిలించి వదిలేసేదాన్ని. ఇప్పుడు నేనెవర్ని తన్నాలి?”

“రేపు తీసుకురా. అమ్మకి చెప్పకు.”

“చెప్పడానికి నాకేమన్నా పిచ్చా.”

మర్నాడు మధ్యాహ్నం హాల్లో మేం ముగ్గురమే. బుడ్డి చేయి కొలిచి టేపు చూపించాను.

“నాలుగు వేళ్లు పెరిగింది. చూడు. నువ్వు ఎప్పుడూ ఆపే చోటే ఆపావు. నీ చెయ్యి అక్కడ ఆగలేదు.”

అది టేపు వంక చూసింది. “చెయ్యి పెరిగింది, సరే. తగిలినప్పుడు నాకు బాగుంది మాస్టారూ. అదెంత పెరిగిందో కొలవండి.”

పెద్దది కిటికీవైపు తిరిగింది. నేను చెప్పాలనుకున్నవన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. రింగులోకి దిగి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

“కానీయ్. ఈ ముఖంలో పాడవడానికి ఇంకేం మిగల్లేదు.”

“అమ్మ ఒక్క చుక్క అంది.”

“అది మీ ఇంటి చుక్క. నాది లెక్కలోకి రాదు.”

మొదటి గుద్దు జానెడు దూరంలోనే చచ్చిపోయింది. రెండోదీ అంతే. “బలంగా” అన్నాను. మూడోది పై పెదవిని పంటికి కుట్టేసింది. నాలుగోది చెంప ఎముక మీద పడింది. వచ్చేది కనిపిస్తోంది, తల వెనక్కి తీయగలననే అనుకుంటున్నాను, తీయలేకపోతున్నాను. ఈ పదకొండు నెలలూ నేను కూర్చునే గడిపాను. మనసు మాత్రం నాది ఇంకా ముప్పై ఏళ్ల వయసప్పటి మెడే అనుకుంటోంది. పిల్లల్ని కొలిచిన టేపు నా మెడకి పెట్టలేదు.

బుడ్డి ఏడుస్తూ గుద్దుతోంది. ఐదు, ఆరు. ఆరోదానికి కింది పన్నొకటి నాలుక మీదికి ఊడిపడింది. ఏడు. ఎడమ కన్ను మూసుకుపోవడం మొదలైంది. ఎనిమిది దగ్గరగా వచ్చి జారిపోయింది, కొలత దొరుకుతోందనిపించింది.

తొమ్మిది తిన్నగా దిగింది. పది కూడా. ముక్కు దూలం నుంచి వెనక మెడదాకా తెల్లటి మంట. ఉన్న ఒక్క కంటితో దాని ముఖం చూశాను. ఏడుపు లేదు. పెదవులు కాస్త తెరుచుకున్నాయి, ఊపిరి నిలకడగా ఉంది. కొలత తప్పినవాళ్ల ముఖం అలా ఉండదు. ఆ చేతులు దించేసిన మనిషి నా ముఖంలో చూసింది ఇదే అయ్యుండాలి. ఇన్నేళ్లూ నేను దానికి అదుపు అని పేరు పెట్టి, మూత బిగించి, పైన కూర్చున్నాను.

ఆపమనలేదు. చేతులు విప్పుకోలేదు.

పదకొండోది వచ్చింది. గాలి తగిలింది. అంతే. పిడికిలి ముక్కు ముందు వణక్కుండా నిలబడింది. పన్నెండోదీ అక్కడే నిలబడింది.

“తొమ్మిదీ పదీ కూడా ఆపగలిగేదాన్నే” అంది బుడ్డి.

“తెలుసు.”

“మరెందుకు ఊరుకున్నారు?”

నోట్లో రక్తం నిండింది. చాప మీద ఉమ్మేసి, రింగు తాడు పట్టుకున్నాను. పెద్దది వంగి తాళ్ల మధ్యనుంచి లోపలికొచ్చి, భుజంతో నన్ను పక్కకి నెట్టి నా చోట నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. ప్లాస్టరు కింద ఎముక అతుక్కోవడానికి ఇంకో నెలైనా కావాలి. దానికి తెలుసు, నాకూ తెలుసు. ఈసారి విరిగితే ఇద్దరికీ కుట్టుపనే గతి.

వద్దని చెప్పడం నా పని. నేను అనలేదు. అనలేకపోయానా, అనకూడదనుకున్నానా, ఈరోజుకీ తేల్చుకోలేను.

“పక్కకి పోవే అక్కా” అంది బుడ్డి. గొంతు చాలా చిన్నగా ఉంది. “నాకింకా కొట్టాలనే ఉంది. నిజంగా ఉంది.”

“ఉండనీ. నేనొద్దన్నానా. చెయ్యి ఆపు.”

బుడ్డి ఎడమ కాలు ముందుకి వేసింది. నడుము తిరిగింది, భుజం తిరిగింది. ఆ చేతిలో వస్తున్నది సగం దాచుకున్న బలం కాదు, మొత్తం బలమని నాకు పక్కనుంచే తెలిసింది. నా రక్తంతో తడిసిన ఆ పట్టీ పిడికిలి అక్క ముఖం మీదికి వెళ్లి ఆగింది.

పెద్దది రెప్ప వేసింది. ఎప్పుడూ వేయని మనిషి. కళ్లు తెరిచి ప్లాస్టరుకీ పిడికిలికీ మధ్య ఉన్న ఖాళీ వంక మెల్లకంటితో చూసింది.

“దూరం” అంది. “రెండు వేళ్ల ఎడముంది. నేనూ రెప్ప వేశాను. మళ్లీ.”

బుడ్డి చేయి వెనక్కి తీసుకుంది.