కోడలు ఉప్పు చూసిన కథ

"పులిహోర ముప్పై మందికి సరిపోయేట్టు చెయ్యి. కథ సంగతి నేను చూసుకుంటాలే," అన్నాడు నిరంజన్, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

బీన్స్ తరుగుతున్న ఇంద్రజ చెయ్యి ఆగలేదు. ఆగితే ఎనిమిదింటి క్యాబ్ తప్పిపోతుంది. కానీ ఆ రెండు మాటల్లో తన వాటా ఏదో, అతని వాటా ఏదో మాత్రం చక్కగా అర్థమైంది. శనివారం కూతురి బళ్ళో జానపద కథల రోజు. ఒక్కో ఇంటి నుంచి ఒకరు వచ్చి తమ వైపు కథ ఒకటి చెప్పాలి, తమ వైపు తినేది ఒకటి తేవాలి. మూడో తరగతి చదివే స్నిగ్ధ ఫారం మీద గుండ్రటి అక్షరాలతో అమ్మ పేరే రాసింది. నిరంజన్ దాన్ని కొట్టేసి పైన తన పేరు రాసుకున్నాడు. "నీకెందుకు ఇంద్రా టెన్షన్? అక్కడంతా హిందీ, ఇంగ్లీషు. నీకు స్టేజి అలవాటు లేదు. నువ్వు చెప్తూ ఉండు, నేను టైప్ చేసుకుంటా."

స్టేజి అలవాటు లేని మాట నిజమే. ఎక్కనిస్తే కదా అలవాటయ్యేది? గురుగ్రామ్ ఆఫీసులో మూడేళ్ళుగా నెలనెలా రిపోర్టు తయారుచేసేది ఆమె, పెద్దవాళ్ళ ముందు నిలబడి చదివేది మేనేజరు. చివర్లో "ఇంద్రజ హెల్ప్ చేసింది" అని ఓ ముక్క విసురుతాడు. అందరూ ఆమె వైపు చూసి నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. ఇంట్లోనైతే ఆ చివరి ముక్క కూడా ఉండదు. అయినా బీన్స్ తరుగుతూనే కథ చెప్పింది. అమ్మమ్మ కూడా ఏనాడూ చేతులు ఖాళీగా పెట్టుకుని కథ చెప్పలేదు. చింతపండులో గింజలు తీస్తూనో, ఒత్తులు చేస్తూనో చెప్పేది. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథా ఆగిపోయేది. "మీకు అక్కర్లేనప్పుడు నాకేం పని?" అని మూతి ముడుచుకునేది ముసలావిడ.

అనగనగా ఒక అత్త, ఒక కోడలు. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలితే కోడలు తినాలని అత్త కట్టడి చేసింది. మిగిలేది కాదు. ఒకరోజు అత్త "వంటల్లో ఉప్పు చూసి ఉంచు" అని చెప్పి ఏటికి పోయింది. కోడలు పప్పులో ఉప్పు చూసింది. చుక్క నాకితే ఏం తెలుస్తుంది, గరిటెడు చూసింది. అన్నంలో కలిస్తేగాని తెలియదు కదా అని కలిపి చూసింది. పులుసు చూసింది. పెరుగు చూసింది. అత్త తిరిగొచ్చేసరికి గిన్నెలన్నీ ఖాళీ. "ఉప్పు సరిగ్గా సరిపోయిందత్తా," అంది కోడలు. అత్త మెడపట్టి గెంటింది. కోడలు పొరుగూరు పోయి పూటకూళ్ళిల్లు పెట్టుకుంది. కరువొచ్చిన ఏడు అత్త ఆకలితో వెతుక్కుంటూ ఆ గుమ్మంలోకే వచ్చింది. కోడలు పీట వేసింది. "కూర్చో అత్తా. ముందు నేను తింటా, తర్వాత నీకు పెడతా," అంది. తింది. పెట్టింది. అంతే కథ.

"అదేం కథ అమ్మాయ్?" సోఫాలోంచి అత్తగారు నాగమల్లేశ్వరి గొంతు లేచింది. "ఆడపిల్లకి చెప్పేదేనా అది? పెద్దముండావిడని ఆకలితో కూర్చోబెట్టి తను మింగుద్దా?"

"ఎండింగ్ కొంచెం పాజిటివ్‌గా మారుస్తాలే అమ్మా," అన్నాడు నిరంజన్. "కోడలు సారీ చెప్తుంది, అందరూ కలిసి భోంచేస్తారు. పిల్లలకి మెసేజ్ ఉండాలి కదా."

ఇంద్రజ కత్తి విసురుగా పక్కన పెట్టింది. సారీ ఎందుకు చెప్పాలి? క్యాబ్‌లో కూర్చున్నా ఆ ప్రశ్న వదల్లేదు. స్నిగ్ధ కడుపులో పడ్డ అయిదో నెలలో, ఓ ఆదివారం ఆకలికి ఆగలేక వంటగట్టు దగ్గర నిలబడే రెండు ఇడ్లీలు తింది. "మగాళ్ళు కూర్చోకముందే ఆడది తింటే ఇల్లు కలిసిరాదమ్మాయ్," అన్నారు అత్తగారు. నిరంజన్ కోప్పడనైనా లేదు. నవ్వాడు. "ఏం ఇంద్రా, ట్రైన్ ఉందా?" అన్నాడు. అప్పుడే తీసుకున్న మూడో ఇడ్లీ చేతిలోంచి మళ్ళీ గిన్నెలోకి వెళ్ళింది. ఆ రోజు అతనికి గుర్తుండదు. ఆమె మాత్రం తొమ్మిదేళ్ళుగా ఆ ఇడ్లీని మింగలేక కూర్చుంది. ఊరూపేరూ లేని ఒక కోడలు అంతకాలంగా ఆడవాళ్ళ నోట బతికి, తనదాకా నడిచొచ్చింది. ఇప్పుడు ఆవిడ చేత తన ఇంట్లోనే, తన కూతురి ముందే, క్షమాపణ చెప్పిస్తారట.

గురువారం సాయంత్రం రిహార్సల్ పెట్టాడు. టాబ్లెట్ చేత్తో పట్టుకుని హాల్లో నిలబడ్డాడు. ఎదురుగా స్నిగ్ధ, సోఫాలో అత్తగారు, నేల తుడుస్తూ బిమ్లా. రేవాడీ దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషి బిమ్లా, ఈ ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. నిరంజన్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఉప్పు చూడటాన్ని ఆయనగారు 'క్వాలిటీ చెక్' అని రాసుకున్నారు. రెండు వాక్యాలు కాగానే స్నిగ్ధ "ఊఁ" అంది.

"బేటా, మధ్యలో డిస్టర్బ్ చెయ్యకు. ఫ్లో పోతుంది."

"లేకిన్ పాపా, ఊఁ నహీ బోలూంగీ తో కహానీ రుక్ జాయేగీ." ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోతుందని అమ్మ దగ్గర విన్న మాటే అది.

"హాఁ భయ్యా," అంది బిమ్లా, గుడ్డ పిండుతూ. "హమారే యహాఁ భీ హుంకారా దేతే హైఁ." ఊఁ కొట్టడాన్ని వాళ్ళ వైపు హుంకారా అంటారు.

అతను వినిపించుకోలేదు. గబగబా చదివాడు. కోడలు ఏడ్చింది, అత్త కాళ్ళ మీద పడింది, అందరూ కలిసి భోంచేశారు. టాబ్లెట్ దించి మెప్పు కోసం తల్లి వైపు చూశాడు.

"అది కాదురా," అన్నారు నాగమల్లేశ్వరి. ఆ గొంతు ఆవిడకే కొత్తగా ఉన్నట్టుంది. "ఆ పిల్ల కాళ్ళ మీద పడలా. మా అమ్మ చెప్పినప్పుడూ పడలా."

"నీకే కదమ్మా నచ్చలేదు?"

"నచ్చలా. ఇప్పటికీ నచ్చదు. నచ్చకపోతే చెప్పటం మానుకో. మార్చటానికి నువ్వెవరు?"

ఇంద్రజ వంటింటి గడపలోనే నిలబడిపోయింది. ఈవిడకి ఈ కథ ముందే తెలుసన్నమాట. తనలాగే ఓ మూల కూర్చుని ఊఁ కొట్టి విన్నదన్నమాట. విని, పెద్దదై, వచ్చి కోడలి ఇడ్లీలు లెక్కపెట్టింది. జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందో ఆమెకి తెలియలేదు. బిమ్లాకి సంగతి హిందీలో చెప్పింది. బిమ్లా పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్ళ పల్లెలో ఆ కోడలు తినేసింది సజ్జ కిచిడీ అట. అత్త అడిగితే "నమక్ దేఖ్ రహీ థీ", ఉప్పు చూస్తున్నాను, అందట. "మాఫీ? నహీ దీదీ, మాఫీ కిస్ బాత్ కీ?" క్షమాపణ దేనికట!

నిరంజన్ ముగ్గురి వైపూ మార్చి మార్చి చూశాడు. "సరే, అంతగా అయితే ఎండింగ్ పాతదే పెడతా," అన్నాడు, దానం చేస్తున్నట్టు.

"వద్దండీ," అంది ఇంద్రజ. "శనివారం పులిహోర మీరు వడ్డించండి. కథ నేను చెప్తాను."

"ఫారంలో నా పేరు..."

"మీరు నా పేరు కొట్టేశారు కదా. అలాగే కొట్టేయండి."

శనివారం ముప్పై మంది పిల్లలకి ముందు ఊఁ కొట్టడం నేర్పింది. పంజాబీ పిల్లాడొకడు మా అమ్మమ్మ ఇంట్లో హుంకారా అంటారన్నాడు, బెంగాలీ పిల్ల తమ మాట చెప్పింది. ఎవరి మాట వాళ్ళు అనొచ్చు, ఆపకూడదు, అంది ఇంద్రజ. సగం తెలుగు, సగం హిందీలో కథ సాగింది. కథలో గిన్నెలు ఖాళీ అయ్యేసరికి ఆమె గొంతు చివరి వరసదాకా వినిపించింది. తలుపు దగ్గర గరిటె పట్టుకున్న నిరంజన్ మొహం ఎలా ఉందో ఆమె చూడలేదు. చూడాలనీ అనిపించలేదు.

పిల్లల చప్పట్లు ఆగాక క్లాస్ టీచరు ప్రీతి మేడమ్ మార్కర్ పట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది. అంతకుముందు చెప్పిన కథలన్నిటికీ ఎదురుగా ఒక్కో నీతి రాసి ఉంది. ఈ కథ ఎదురుగా ఖాళీ.

"మోరల్ ఏం రాయమంటారు మేడమ్? పెద్దల్ని గౌరవించాలి అని రాయనా? క్షమించాలి అని రాయనా?"

"నీతి ఏమీ లేదండీ," అంది ఇంద్రజ హిందీలో. "ఆమెకి ఆకలేసింది. తింది."