కూర్చుండిపోయిన బాతుపిల్లలు

మొదలుపెట్టిననాడు నా చేతిలో నూట ఇరవై బాతుపిల్లలు, నాలుగు బస్తాల కోడిపిల్లల దాణా, గోదావరిఖనిలో ఇరవై ఏళ్లుగా కోడిపిల్లలు అమ్ముతున్న ధీమా ఉన్నాయి. తెచ్చినవి నూట ముప్పై. ఓపెన్‌కాస్టు గని అంచున ఉండే షహజాదీ బేగం మొదటి రోజే పది కొనుక్కుపోయింది. దాణా కూడా తీసుకొమ్మంటే వద్దంది.

పన్నెండో రోజు మధ్యాహ్నం రెండింటికి గనిలో బ్లాస్టింగ్ చేశారు. షెడ్డు రేకులు అదిరాయి. పిల్లలన్నీ ఒక మూలకు పరుగెత్తాయి. పద్నాలుగు మాత్రం కూర్చున్నచోటే ఉండిపోయాయి. ఒకదాన్ని లేపి నిలబెట్టాను. కాళ్లు చెరోపక్కకు జారిపోయాయి. రెక్కలతో నేలను కొట్టుకుంటూ దాణా పళ్లెం వైపు పాకింది.

"దడుసుకున్నయి," అంది నా భార్య శోభ. "మనకే గుండె జల్లుమంటది. గింతంత పానాలు!"

ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. ఎందుకంటే రెండో మాట, రోగమన్న మాట, తలుచుకోవడానికే భయం. ముందు గదిలో నాలుగు వందల కోడిపిల్లలున్నాయి. ఇది అంటురోగమని తేలితే అన్నింటినీ గోతిలో పూడుస్తారు, దుకాణం మూతపడుతుంది. అందుకే డాక్టరు దగ్గరికి పోలేదు. రేకులకు గోనెసంచులు కట్టాను, దాణా ఇంకో గుప్పెడు పెంచాను.

మర్నాటికి ఇరవై మూడు కూర్చున్నాయి. మూడోనాటికి నలభై. నీళ్లదాకా పాకలేక ఎనిమిది చచ్చాయి. తెల్లారకముందే, ఎవరూ చూడకుండా పెరట్లో పాతిపెట్టాను.

అప్పుడు షహజాదీ బేగం గుర్తొచ్చింది. ఆమె ఇంటి గోడలు బ్లాస్టింగ్‌కు పగుళ్లిచ్చాయి. ఆమె కొన్న బాతుపిల్లలు ఈపాటికి పోయే ఉంటాయి. ఆమె బజారుకెక్కి అరిస్తే? నోరు మూయించడానికి పది కోడిపిల్లలను అట్టపెట్టెలో పెట్టుకుని బయల్దేరాను.

ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికి గని సైరన్ మోగింది. ఆ వెంటనే కాళ్ల కింద నేల ఊగింది. పది బాతుపిల్లలు రయ్యిమని మంచం కిందికి దూరాయి. కాసేపటికి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వంకర లేని కాళ్లు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

"ఏందే నర్సింగన్నా, నా పిల్లల మీద దిష్టి పెడుతున్నవ్?"

"వీటికి ఏం పెడుతున్నవక్కా?"

"తవుడు, పల్లిచెక్క, నూరిన ఎండుచేపలు. నువ్వేం పెడుతున్నవ్?"

"కోడిపిల్లల దాణా."

"అల్లా! మీ శోభ బాలింతగ ఉన్నప్పుడు మీ అవ్వ ఆమెకు పెట్టిన తిండే నువ్వూ తిన్నవా?" అని పకపకా నవ్వింది. నా ముఖం చూసి ఆగింది. "పిల్లలు కూసున్నయా? జల్ది డాక్టరమ్మ దగ్గరికి పో. ఆ పెట్టె ఈడ పెట్టి పో."

పశువుల దవాఖానలో డాక్టర్ సంధ్యారాణి ముందు రెండు పిల్లలను పెట్టాను. ఆమె వాటి మోకాళ్లు తడిమి చూసింది.

"అంటురోగం కాదు. నియాసిన్ అనే విటమిన్ తక్కువైంది. బాతుపిల్లలకు అది కోడిపిల్లల కంటే రెండింతలు కావాలె. ఎన్ని రోజులైంది?"

"మూడు."

"మూడు రోజులు ఏం చేసినవ్?"

"భయపడ్డ మేడం."

ఆమె తిట్టలేదు. ఈస్ట్ పొడి దాణాలో కలపమంది, నీళ్లలో విటమిన్ మందు ఎంత వేయాలో రాసిచ్చింది. నున్నటి గచ్చు మీద వరిగడ్డి పరచమంది. నీళ్ల పళ్లెం ముక్కు మునిగేంత లోతుండాలని, పాకలేని వాటి దగ్గరికే తిండి జరపాలని చెప్పింది. కీలు తప్పినవి మాత్రం ఇక లేవవంది.

మందు మొదలుపెట్టాక కూడా పదకొండు చచ్చాయి. ఐదో రోజు బ్లాస్టింగ్ వేళకు శోభా నేనూ షెడ్డులో నిలబడ్డాం. రేకులు అదిరాయి. గడ్డి మీద కదలిక మొదలైంది. కొన్ని పరుగెత్తాయి, కొన్ని కుంటుకుంటూ నడిచాయి, కొన్ని తూలి పడి మళ్లీ లేచాయి.

"లెక్కపెట్టు," అన్నాను. నా చూపు నిలవడం లేదు.

నూట ఇరవైలో చచ్చినవి పంతొమ్మిది. కీలు తప్పి కూర్చుండిపోయినవి ఏడు. నేను దాచిపెట్టిన ఆ మూడు రోజుల ఖర్చు అవే. షహజాదక్క తిరిగివ్వని కోడిపిల్లలు పది. మూలకు చేరినవి తొంభై నాలుగు.