దుబాసీ పిల్ల, దీపపు పురుగులు

పిల్లలూ, మీ అమ్మకి రాని భాషలో ఎవరో ఆవిణ్ణి తిట్టారనుకోండి. ఆ తిట్టు మీరు ఆవిడకి ఎలా చెబుతారు? తొందరలేదు, ఆలోచించండి.

మన లోయలో యదీరాకి చిన్నప్పటినుంచీ అదే పని. తల్లి యులాలియా పీచ్ పళ్ల షెడ్డులో పెట్టెలు నింపేది. చుట్టూ అందరిదీ ఇంగ్లీషే, ఆవిడకి స్పానిష్ తప్ప మరో మాట రాదు. ఆస్పత్రిలోనైనా, ఇంటి ఓనరు దగ్గరైనా కూతురే దుబాసీ. కటువు మాటని మెత్తగా మార్చి చెప్పినప్పుడల్లా, దుబాసీ పిల్లలందరికీ వచ్చినట్టే, యదీరా నోట్లోంచి ఓ దీపపు పురుగు ఎగిరేది.

"ఓనరు రేపు కుళాయి బాగుచేయిస్తాడటమ్మా."

యులాలియా తువ్వాలుతో పురుగుని కిటికీలోంచి తోలేసేది. "ఇంత లావుందే! ముసలాడు బాగానే తిట్టాడన్నమాట," అని నవ్వేది.

ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కబోయే మొదటి మనిషి యదీరా. స్కాలర్‌షిప్పు వస్తేనే పెద్ద కాలేజీ. దానికి తన కథ రాయమన్నారు. తను చదువుకుంటుంటే అమ్మ ఎదురుగా కూర్చుని కూరకని నాగజెముడు మట్టల ముళ్లు గీకుతుందనీ, తనకి కునుకొస్తే మోకాలితో పొడుస్తుందనీ రాసింది. బడిలో సలహా చెప్పే ఆవిడ పెదవి విరిచింది. "ఇందులో కష్టమేదీ, పిల్లా?"

యదీరా మార్చి రాసింది. మా అమ్మ నా పుస్తకాలు పొయ్యిలో పెట్టి, షెడ్డుకి పొమ్మంది అని. రాతలోంచి పురుగులు రావు కదా.

స్కాలర్‌షిప్పు వచ్చింది. విందులో దాతలందరి ముందూ ఒకావిడ ఆ కథ పైకి చదివింది. తలలన్నీ యులాలియా వైపు తిరిగాయి.

"ఏమంటోందే ఆవిడ?"

"నువ్వు... చాలా మంచి అమ్మవంటోంది."

బిలబిలమంటూ వచ్చిన పురుగులకి బల్ల మీది దీపం మసకబారింది. అతిథులు గ్లాసుల మీద చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఈసారి యులాలియా ఒక్కదాన్నీ తోలలేదు.

"ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పింది. ఒక్క పురుగూ రాలేదు.

"నేనా? నీ పుస్తకాలా?" కూతురి చేతిలోంచి చెయ్యి లాక్కుంది. "బయటివాళ్లు ఏమన్నా నవ్వి ఊరుకున్నానే. ఇది నువ్వు రాశావా?"

అంతలో ఆవిణ్ణి మైకు దగ్గరికి పిలిచారు. యులాలియా స్పానిష్‌లో ఒక్క ముక్కే చెప్పింది. "నా కూతురు రాసిందంతా నిజం." పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆవిడ నోట్లోంచి ఓ బూడిదరంగు పురుగు లేచి, యదీరా చేతి మీద వాలింది.

"ఏమన్నారు?" అని అడిగారు దాతలు.

యదీరా పురుగుని చూసింది. "నేను రాసింది అబద్ధమంటోంది. మా అమ్మ ఒక్క పుస్తకం కూడా కాల్చలేదు."

మాట మార్చి చెప్పినా పురుగు రాలేదు.

స్కాలర్‌షిప్పు పోయింది. యదీరా పొద్దున షెడ్డులో పనిచేసి, మధ్యాహ్నం పక్క ఊరి చిన్న కాలేజీకి బస్సెక్కేది. యులాలియా ఆస్పత్రికి పక్కింటి పిల్లని తీసుకెళ్లేది. ఆ పిల్ల నోట్లోంచి వచ్చే పురుగుల్ని చూసి నవ్వేది కూడా. యదీరా పుస్తకం తెరిస్తే మాత్రం వచ్చి ఎదురుగా కూర్చుని ముళ్లు గీకేది.

కునుకొస్తే పొడిచేది కాదు.

ఆ తరవాతా? తరవాత మీరే ఆలోచించండి. తమాలెల వంట సగంలో వదిలేసి వచ్చాను, పిండి చుట్టాల్సిన మొక్కజొన్న ఆకులు నానిపోయి ఉంటాయి. జరగండి, లేవనివ్వండి నన్ను.