బోర్డు మీది దగ్గు

రోషన్‌బీ వదిన మా షాపు మెట్లెక్కి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. 2004 వేసవి. పెనుకొండ బస్టాండుకు ఎదురుగా నాది డీటీపీ షాపు. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, రబ్బరు స్టాంపులు, కొత్తగా ఫ్లెక్సీ డిజైన్లు. ఆమె స్టూలు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. నీళ్ళు కూడా అడగకుండా అసలు మాట అడిగింది.

"గంగాధరా, మీ అన్న ఇంకా రాస్తాండాడప్పా. ఎవరు రాయిస్తాండారో నీకేమన్నా తెలుసా?"

ఆమె మొగుడు ఇలియాసన్న పోయి అప్పటికి పద్నాలుగు నెలలు.

ముప్పై ఏళ్ళు పెయింటు వాసన పీల్చిన మనిషి, చివరికి ఊపిరితిత్తులే తీసుకుపోయాయి. సోమందేపల్లి నుంచి పెనుకొండ దాకా ఏ అంగడి బోర్డు చూసినా ఆయన చేతిరాతే ఉండేది. చాక్‌పీసు పొడి పూసిన దారాన్ని రేకు మీద లాగి వదిలితే గీత పడేది. ఆ గీత మీద కుంచె ఆనించాడంటే అక్షరం అయ్యేదాకా ఎత్తేవాడు కాదు. బ్రాందీ అంగళ్ళకు మాత్రం ఎవరొచ్చి బతిమాలినా రాయలేదు. "నా చెయ్యి ఆ పక్కకు తిరగదబ్బా" అనేవాడు నవ్వుతూనే.

"ఏం రాసినాడు వదినా? యాడ?"

"హిందూపురంలో. మా అష్రఫ్ అంగడికి ఎదురుగా."

అష్రఫ్ ఆమె అల్లుడు, కూతురు ఇష్రత్ మొగుడు. అక్కడి బస్టాండు దగ్గర ఆటోలకు వైరింగు పని చేస్తాడు.

"నెల కింద బ్రాందీ అంగడి పెట్టినారు ఆడ. ఇంత పెద్ద బోర్డు. నాకు చదువు రాదు, నిజమే. మీ అన్న చెయ్యి తెల్దా నాకు? ముప్పై ఏండ్లు రంగు డబ్బా పట్టుకోని నిచ్చెన కింద నిలబడినదాన్ని."

"ఎవరో ఆయన్ని చూసి రాసింటారులే."

"చూసి రాస్తే దగ్గు ఎట్లొస్తాది?"

నేను మౌసు వదిలి ఆమె వైపు తిరిగాను.

"ఇష్రత్ అత్త అంటాదంట, మీ నాయనకు నమాజు ఒకపక్క, దుడ్లు ఒకపక్క అని. పోయేముందర దొంగగా రాసిచ్చి పోయినాడంట, ఇప్పుడు ఎక్కించినారంట. మా ఇష్రత్ బిందె తీసుకోని కొళాయి కాడికి కూడా పోలేకుండా ఉండాది. ఊరోళ్ళ మాట వదిలెయ్. ఆడ, పైన, ఆయన జవాబు చెప్పుకోవాల గదా. చెయ్యని పనికి ఏం చెప్తాడు?" స్టూలు ముందుకు జరుపుకుంది. "నీకు ఈ పని తెలుసు. రేపు నాతో వచ్చి చూడు. ఆయన రాసింది కాదని మా అల్లునికి చెప్పు, చాలు."

వస్తానన్నాను. ఆమె మెట్లు దిగిపోయిన తర్వాత కూడా ఆ దగ్గు మాట గదిలోనే ఉండిపోయింది. ఆ దగ్గు సంగతి నాకు బాగా తెలుసు. దాన్ని దాచిపెట్టింది నేనే.

డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఆరు నెలల కోర్సు చేసి, 96లో కంప్యూటరు తెచ్చి ఈ షాపు పెట్టాను. అందులో కోరల్‌డ్రా, ఐదో వెర్షను. తెరిస్తే మొదట రంగుల గాలిబుడగ బొమ్మ కనబడేది. బుడగ కనబడ్డాక వీధి చివరికి పోయి టీ తాగి వచ్చినా పని మొదలయ్యేది కాదు, అంత నెమ్మది. కానీ దాని పనితనమే వేరు. ఫొటోలాగా అది చుక్కల్ని పోగేసుకోదు. గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ వంగింది, ఎక్కడ ఆగింది, ఆ దారిని మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. అందుకే అగ్గిపెట్టెంత అక్షరాన్ని ఇంటి గోడంత చేసినా అంచు చెదరదు. రంగులన్నీ తీసేసి ఉత్త గీతలు చూసే పద్ధతి కూడా ఉంది. అప్పుడు అక్షరాలు తోలు ఒలిచిన జీవాల్లా కనబడతాయి.

అప్పట్లో కంప్యూటరులో తెలుగు అక్షరాలు నాలుగైదు రకాలే. పెళ్ళికీ చావుకీ ఒకటే మొహం. వచ్చినవాళ్ళంతా "ఇలియాసు రాసినట్టు ఉండాలప్పా" అనేవాళ్ళు. ఒకరోజు ఆయన్నే అడిగాను, అక్షరాలన్నీ ఒక కాగితం మీద రాసిస్తే చూసి నేర్చుకుంటానని.

ఆయన బీడీ ఆర్పాడు. "మా ఉస్తాదు ఒక మాట చెప్పేటోడు గంగాధరా. అన్ని అక్షరాలూ ఒకేచోట రాసియ్యొద్దు, అన్నీ ఎవరి కాడ ఉంటే నీ చెయ్యి వాళ్ళదే అని."

అయినా వారం తర్వాత తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో కూర్చుని డ్రాయింగు షీటు మీద నల్ల రంగుతో రాశాడు. "నేర్చుకున్నాక కాల్చెయ్" అన్నాడు. అప్పుడే దగ్గు మొదలైన రోజులు. 'ప' రాసేటప్పుడు దగ్గొచ్చినట్టుంది, దాని కడుపులో గీత ఆవగింజంత వణికింది. నమూనా కాగితమే కదా అని దిద్దలేదు. శ తర్వాత స రాశాడు. నడుమ ఒక అక్షరమంత చోటు ఖాళీ.

"ష ఏదన్నా?"

"కావాలంటే పిలువు. నడిచొచ్చి రాస్తా."

నేను పిలవలేదు. షీటును స్కాను చేయించి, ట్రేసు చేసి, ఒక్కొక్క అక్షరాన్నీ గీతలుగా మార్చాను. గీత మలుపు తిరిగిన ప్రతిచోటా ఒక నోడు పడుతుంది. దాన్ని పట్టుకుని లాగితే అక్షరం ఎటు కావాలంటే అటు వంగుతుంది. 'ప' కడుపులో రెండు నోడ్లు ఇరుకిరుకుగా పడ్డాయి. అవే దగ్గు. వాటిని తీసేసి చూశాను. గీత నున్నగా అయింది కానీ అది ఇలియాసన్నది కాకుండా పోయింది. మళ్ళీ వెనక్కి తెచ్చాను. ఆ 'ప'నే ఇంకోటి చేసి, దానికి నడుమ కొక్కెం తగిలించి ష తయారు చేసుకున్నాను. షాపు, షామియానా, షోరూము. ష లేకుండా వ్యాపారం నడవదు.

ఆ తర్వాత ఏడో వెర్షను, ఎనిమిదో వెర్షను వచ్చాయి. కొత్తదానిలో దాచిన ఫైలు పాతదానిలో తెరుచుకోదు, అందుకని వెనకబడటానికి లేదు. 2001లో ధర్మవరం లోకేష్ తొమ్మిదో వెర్షను సీడీ తెచ్చాడు. వాడు పట్టుచీరల పెట్టెలకు డిజైన్లు చేస్తాడు. ఆ సీడీకి బదులుగా ఇలియాసన్న అక్షరాలు అడిగాడు. ఇచ్చాను. అదే ఏడు బోర్డులు రాయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఇలియాసన్న మా షాపు ముందే నడిచి పోయేవాడు, చేతిలో కుంచెల సంచీ లేకుండా. నా గుమ్మం మీద తన రాతనే చూశాడు. దగ్గి, పోయాడు.

మరుసటి రోజు హిందూపురం బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుంది. దారిలో మనుషుల్ని చూపినట్టు బోర్డుల్ని చూపించింది.

"అదిగో, సోమందేపల్లిలో అది. పోయిన నెల లేదు. ఏమని రాసినాడు?"

"ఎరువుల అంగడి వదినా."

"ఇది?"

"షామియానా."

"ధర్మవరంలో కూడా ఉండాడు. చీర పెట్టె మూత మీద చూసినా. పోయిన శుక్రవారం ఒక బస్సు వెనకాల పోతాండాడు." గొంతులో ఏడుపు లేదు. తప్పిపోయిన గొర్రె జాడ చెప్పినట్టు చెబుతోంది. "నలభయ్యో దినం ఫాతెహా చదివించినా. అన్నం పెట్టినా. ఎవరి బాకీ లేకుండా పంపించినా. ఎందుకు తిరుగుతాండాడో తెలీదు."

ఆ బోర్డుల్లో సగం నేను చేసినవే. మెడ తిప్పకుండా కూర్చున్నాను.

బ్రాందీ షాపు బోర్డు నేను చేసింది కాదు. కానీ చూడగానే అక్షరాలు గుర్తుపట్టాను. తెల్లటి ఫ్లెక్సీ, మూడడుగుల ఎర్రక్షరాలు. బ్రాందీ షాపు. కాగితం మీద ఆవగింజంత వణుకు అక్కడ జానెడు అయింది. ఎంత పెంచినా చెదరలేదు. అంచు కత్తితో కోసినట్టే ఉంది.

అష్రఫ్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. "అత్తా, మళ్ళా వచ్చినావా. ఎండలో నిలబడితే బోర్డు మారతాదా?"

"మారదులే. గంగాధరునికి చూపిస్తాండా." వదిన గొడుగు మూసి దాని కొనతో చూపించింది. "ఆ రెండో మాట చూడు. మొదటి దాని కడుపులో దగ్గు ఉండాది. పక్కదాని కడుపులో మళ్ళా అదే దగ్గు. అదే తావు, అంతే లావు. మనిషి రెండుసార్లు ఒకేతీరుగా దగ్గుతాడా?"

షా, పు. పక్కపక్కనే. ఏళ్ళుగా రోజుకు పదిసార్లు ఆ మాట టైపు చేసినవాణ్ణి, నాకు కనబడలేదు.

"రేకు మీద చెయ్యి వణికితే కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్ళా రాసేటోడు. వణుకును వదిలిపెట్టి నిచ్చెన దిగినదే లేదు. ఇంకోటి, ఆ మొదటిది ఆయనది కానే కాదు. కట్టెకు చొక్కా తొడిగినట్టు ఉండాది."

అంగడి కటకటాల ముందు సీసా చేత్తో పట్టుకున్న ఒకాయన నవ్వాడు. "ఏమమ్మా, బోర్డు చూసే మత్తు ఎక్కించుకుంటాండావా?"

అష్రఫ్ ముఖం ఎర్రబడింది. "ఇదీ వరస, చూడన్నా. రోజూ ఇదే. మామ కష్టకాలంలో రాసినాడు, ఏమైంది? జబ్బు మనిషి. నేను తప్పు పట్టలేదు, మా అమ్మ నోరే ఆగదు. నువ్వన్నా చెప్పు అత్తకు."

ఇద్దరూ నా వైపు చూశారు. 'ఎవరో నకలు కొట్టినారు' అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఆ ష ఉంది, నేను తగిలించిన కొక్కెంతో, మూడడుగుల ఎత్తున. నా చేతిపనిని కూడా ఎవరో నన్ను అడక్కుండానే అక్కడ నిలబెట్టారు.

"ఆ మొదటి అక్షరం నాది వదినా" అన్నాను.

ఆమె గొడుగు దించింది.

చెప్పాను. షీటు, ఖాళీ, ట్రేసు, లోకేష్. చెబుతున్నంతసేపూ ఆమె నన్ను చూడలేదు, బోర్డునే చూసింది.

"మిగతావి?"

"ఆయనవే. ఆ కాయితం మీదివి. కాల్చెయ్యమన్నాడు, కాల్చలేదు."

"అయితే ఆయన రాయలేదు."

"రాయలేదు వదినా. ఈ మాట ఆయన ఎప్పుడూ రాయలేదు."

ఆమె ఊపిరి వదిలింది. అష్రఫ్ గుడ్డను భుజాన వేసుకుని నెమ్మదిగా అన్నాడు. "ఒక్కసారి పిలిచింటే వచ్చేటోడు గదన్నా. ఇంట్లోనే ఉండేటోడు, పని లేక."

నేను బోర్డు కింద నుంచి పక్కకు జరిగాను.

"ఆ కాయితం ఉంటే ఇయ్యి" అన్నాడు. "మా అమ్మ ముందర పెడ్తా. ఉత్త మాటకు ఆమె నమ్మదు."

పెనుకొండకు వచ్చి బీరువా అడుగు నుంచి షీటు తీశాను. పసుపు పచ్చబడింది. వదిన బల్ల మీద పరిచి, ఒక్కొక్క వరుస మీదా వేలు పోనిచ్చింది. 'ప' దగ్గర వేలు ఆగింది. "ఈడే దగ్గినాడు. నేను నీళ్ళు తెచ్చినా" అంది. తర్వాత ఖాళీ దగ్గర ఆగింది. "ఈడ ఎందుకు వదిలిపెట్టినాడు?"

"అది నేను అడగాలని పెట్టుకున్నది వదినా. పని కోసం పిలుస్తానని." ఆ ఖాళీ మీద వేలు పెట్టాను. "నీ పేరులో కూడా ఉంటాది ఆ అక్షరం."

ఆమె ఆ ఖాళీని చూస్తూ ఉండిపోయింది. "నా పేరు ఎట్లుంటాదో చూపిస్తానని అనేటోడు. ఊరి పేర్లన్నీ అయినాక అనేటోడు." షీటును చుట్టి కొంగులో పెట్టుకుంది. "ఇంగ ఆ మిషన్‌లో ఉండేదాన్ని తీసెయ్. నేను చూస్తా."

అంతకుముందే, హిందూపురం బస్టాండు నుంచి, అక్షరాలు తీసెయ్యమని లోకేష్‌కు ఫోను చేసి ఉన్నాను. "యాడని తీసేది గంగాధరా? నా కాడినుంచి అనంతపురం పోయింది, కదిరి పోయింది. ఎవరెవరి కాడ ఉండాదో నాకే తెల్దు" అన్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఫైలును చెరిపేశాను. దాని కిందే ఇంకోటి కనబడింది, బ్యాకప్ అని, మనం అడగకుండానే అది దాచుకునే నకలు. దాన్నీ చెరిపాను. చెత్తబుట్ట బొమ్మను ఖాళీ చేశాను. ఆమె తెర మీదే చూపు పెట్టి కూర్చుంది.

"పోయినాడా?"

"పోయినాడు వదినా."

సాయంత్రం నాలుగింటి ఎండ. షీటు అష్రఫ్‌కు ఇవ్వడానికి హిందూపురం పోవాలని ఆమె రోడ్డు దాటి నిలబడింది, కొంగులో షీటు పొట్లంతో. ధర్మవరం నుంచి బస్సు వచ్చి ఆగింది. బస్సు వెనక అద్దం కింద పట్టుచీరల షోరూము ప్రకటన. ఇలియాసన్న అక్షరాలు. పట్టు అన్నచోట ప కడుపులో దగ్గు, షోరూము అన్నచోట ష కడుపులో మళ్ళీ అదే దగ్గు.

కండక్టరు కేక వేశాడు. బస్సు కదిలింది. వదిన ఆ రాత చూసింది, ఎక్కలేదు. వెనకాల ఇంకోటి వస్తుందని ఎండలోనే నిలబడింది, నా వైపు చూడకుండా ముఖం అటు తిప్పుకుని.