వెనక్కి చూసినవాడు

ఆయన ఉద్యోగం అభిప్రాయాలు చదవడం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, ఆ ప్రచురణ సంస్థలో అలాంటి బల్ల ఒకటి నిజంగానే ఉంది. వాళ్ళు అచ్చేసేవన్నీ గ్రీకు పురాణాల మీద అల్లిన ప్రేమ నవలలు. పాతాళపు రాజులు, రెక్కలున్న మొగుళ్ళు, శాపాలు తగిలిన ఆడపిల్లలు, నెలకొకటి. ప్రతి పుస్తకం చివర స్టాంపు అక్కర్లేని కార్డు ఒకటి ఉంటుంది. చదివినవాళ్ళు దాన్ని చింపి, తోచింది రాసి పోస్టులో పడేస్తారు. టైపిస్టు పేర్లూ అడ్రసులూ వదిలేసి ఆ రాతలన్నీ తెల్లకాగితాల మీదికి ఎక్కించి ఆయన బల్ల మీద పెడుతుంది. ఆయన వాటిని మూడు కట్టలు కడతాడు. మెచ్చుకోలు ఒకటి, తిట్లు ఒకటి, ఎటూ కానివి మామూలు కట్ట. వారానికి నాలుగు వందల పైచిలుకు. పన్నెండేళ్ళుగా ఇదే చాకిరీ. ఎవరైనా అలిసిపోతారు, ఆయనా అలిసిపోయాడు, కాదనడానికి లేదు.

అయితే అలిసిపోయిన మొగుడికి ఒక పెళ్ళాం ఉంటుందని, ఆవిడా అలిసిపోతుందని లోకానికి గుర్తుండదు. ఆమె టైలరమ్మ దుకాణంలో పనిచేస్తుంది. కొత్త బట్టలు కుట్టే గొప్ప పనేం కాదు. పొడుగైన ప్యాంట్లు కురచ చేయడం, బిగుతైన చొక్కాలు వదులు చేయడం, చెడిన జిప్పులు మార్చడం. వేరేవాళ్ళు కుట్టినవి విప్పి మళ్ళీ కుట్టేసరికి మెడ నరాలు పట్టేస్తాయి. మధ్యాహ్నం అరగంట తీరిక దొరికితే మిషను బల్ల మీద పుస్తకం పెట్టుకుని చదువుకుంటుంది. ఆ పుస్తకాలు ఎక్కడివో కాదు, ఇంట్లోవే. బైండింగు ఊడినవి, పేజీలు తలకిందులుగా పడినవి ఆయన సంచిలో వేసుకొచ్చి మంచం కిందికి తోస్తాడు. వాటిని ఆ ఇంట్లో ఎవరైనా తెరుస్తారన్న ఊహ ఆయనకు కలలో కూడా రాలేదు.

మొదటి కార్డు ఆమె ఉబుసుపోక రాసింది. పేరు రాయలేదు, దుకాణం అడ్రసు ఇచ్చింది. "పాతాళపు రాజు నాకు నచ్చాడు. భార్య మాట్లాడుతుంటే చేతిలో పని పక్కన పెట్టి వింటాడు" అని రెండే ముక్కలు. పోస్టులో వేసి వచ్చాక ఆ వారమంతా ఆయన నోటి వైపే చూసింది. శుక్రవారం ఆయన ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ, "ఈ వారం ఒక్కటీ పనికొచ్చేది లేదు" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు.

రెండోది రాసింది, మూడోది రాసింది. రానురాను దాపరికం తగ్గించింది. ఐదోదాంట్లో, మిషను సూది వేలిలో దిగి తాను కట్టుతో ఇంటికొచ్చిన రోజు కట్టుకున్నవాడు చొక్కా ఇస్త్రీ అయిందా అని మాత్రమే అడిగాడని రాసేసింది. అదీ తలకెక్కలేదు ఆయనకు. నోటితో చెప్పొచ్చు కదా అంటారా? చెప్పి చూసింది. ఆమె మాట మొదలుపెడితే, "రోజంతా ఆడవాళ్ళ గోడే చదివొచ్చానే, ఇంటికొచ్చాకా అదేనా" అంటాడు. మరి ఆయన తప్పకుండా చదివేది కార్డులేనాయె. ఇదిగో, ఆరోది వేశాక మాత్రం గట్టిగా అనుకుంది. ఈసారీ పోల్చుకోకపోతే ఇక రాయను, చెప్పను, ఈ మనిషి దగ్గర నా నోరు ఇంతటితో సరి.

ఆదివారం భోజనాలయ్యాక ఆయన కాగితాల కట్ట ముందేసుకుని కూర్చున్నాడు. సోమవారం యజమానికి సారాంశం ఇవ్వాలి. ఆయన తల్లి, ఆమెకు అత్తగారు, ఒకపక్క ఉతికిన తువ్వాళ్ళు మడత పెడుతోంది. కోడలు గిన్నెలు తుడిచి అరలో సర్దుతోంది. నవ్వొచ్చేవి తల్లికి చదివి వినిపించడం ఆయనకున్న ఒకే ఒక్క కాలక్షేపం.

"ఈసారి ఏం కథరా?" అంది అత్తగారు.

"ఒక పాటగాడు. పెళ్ళాన్ని పాము కరిస్తే పాతాళానికి వెళ్ళి, పాట పాడి రాజుని కరిగిస్తాడు. తీసుకుపో, కానీ పైకి చేరేదాకా వెనక్కి తిరిగి చూడకు, నీ వెనకే వస్తుంది అంటాడు రాజు."

"చూశాడా?"

"గుమ్మం దాకా వచ్చి చూశాడు. ఆ పిల్ల మళ్ళీ కిందికి పోయింది."

"కాస్త ఆగలేకపోయాడా, సన్నాసి."

"అందరూ అదే అంటున్నారు. విను. 'మూడు వందల పేజీలు ఏడిపించి చివరికి ఇదా? రచయిత్రినే పాతాళానికి పంపండి.' ఇంకొకావిడ, 'హీరో అందగాడే, బుర్ర మాత్రం సున్నా.' ఇదెవరో మహానుభావుడు, పాముకి ఇంకాస్త పెద్ద పాత్ర ఇవ్వాల్సిందట."

అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన ఇంకో కాగితం తీసి, ఆవులిస్తూ మొదలుపెట్టాడు.

"'వెనక్కి చూశాడని అందరూ అతన్ని తిడతారు. నాకు మాత్రం కనీసం చూశాడుగా అనిపించింది. పదహారేళ్ళుగా నేనొకరి వెనక నడుస్తున్నాను. ఆయన ఎప్పుడూ పది అడుగులు ముందుంటారు. పోయినేడు రోడ్డు మధ్యలో నా చెప్పు తెగింది. పిలిచాను, వినపడలేదు. రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని, కాలే రోడ్డు మీద నడిచి ఇంటికి చేరాను. ఆలస్యమైందేం అన్నారు.'"

అత్తగారి చేతిలో తువ్వాలు ఆగిపోయింది. ఆవిడ తలెత్తి కోడలి వంక చూసింది. ఆ రోజు తలుపు తీసింది ఆవిడే. కోడలు తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తోంది.

ఆయన చదువుతూనే ఉన్నాడు. "'ఆ పాటగాడిది తప్పే. కానీ వెనక మనిషి ఉందో లేదో అని ప్రాణం కొట్టుకున్నది అతనికే. నన్నడిగితే ఆ అమ్మాయి సంతోషంగానే కిందికి వెళ్ళి ఉంటుంది.'"

చదవడం అయ్యాక ఆయన కాగితం కింద పెట్టకుండా పైనుంచి మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు. పోల్చుకున్నాడు, అయిపోయింది, ఇప్పుడు తల తిప్పుతాడు అనుకుంది ఆమె. ఇన్నాళ్ళ అలసటా ఒక్కసారి దిగిపోతుందేమోనన్న ఆశ పుట్టింది ఆ వెర్రి మనసుకు.

"అబ్బ, ఏం రాసిందమ్మా" అన్నాడాయన, కాగితం మీంచి చూపు తిప్పకుండానే. "ఇలాంటిది ఏడాదికొకటి వస్తే గొప్ప. మెచ్చుకోలు కట్టలో అన్నిటికన్నా పైన పెడతా. వచ్చే పుస్తకం వెనక అట్ట మీద వేయమని చెబుతా." కలం తీసి మూల మీద గీత కూడా గీశాడు.

"ఒరేయ్" అంది అత్తగారు. ఆగిన తువ్వాలు మళ్ళీ మడత పెట్టింది.

"నిజం అమ్మా. పాపం ఎవరో గాని, ఇంట్లో మనిషి ఊరూపేరూ తెలియనివాళ్ళకి ఇంత గోడు రాసుకునేదాకా ఆ మొగుడనేవాడు ఏం చేస్తున్నట్టు?"

"కార్డులు చదువుతున్నాడు" అంది ఆమె.

"ఏంటీ?"

"ఉద్యోగం అదేనండి. కార్డులు చదివి మూడు కట్టలు కడతాడు."

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది. కాగితం వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. తల్లి కిటికీ వైపు చూస్తోంది. అప్పుడు గాని తల తిప్పి పెళ్ళాం ముఖంలోకి చూడలేదు. ఎప్పుడో మరిచిపోయిన అడ్రసు వెతుక్కుంటున్నవాడిలా కనిపించాడు.

"నువ్వా?"

"నేనే. ఇది ఆరోది."

"ఆరా?" కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. "మిగతావి ఏమయ్యాయి?"

"మామూలు కట్టలో వేసి ఉంటారు."

"నాకు చెప్పొచ్చు కదే" అన్నాడు. అన్నాక ఆ మాట తన చెవులకే బాగోలేదు కాబోలు, గొంతు తగ్గించాడు. "ఏం రాశావు వాటిలో?"

తనకు కోపం వస్తుందనుకుంది ఆమె. లేదంటే ఏడుపైనా వస్తుందనుకుంది. రెండూ రాలేదు. కాళ్ళు పీకుతున్నాయంతే. గిన్నె అరలో పెట్టి, గుడ్డ పిండి ఆరేసింది. ఆయన అలాగే చూస్తున్నాడు, జవాబు కోసం.

"మీరు చదివారు కదండీ" అంది, మెల్లగానే.